కువైట్‌కు ఎన్ని పూటల రొట్టె

హలో… ఆ, నేనేనప్పా, అయ్యన్న తాతను. ఈ బటన్ ఫోనులో ఇంకెవురుంటారు, నేనూ దీని బొత్తాలూ తప్ప…

మిస్డ్ కాల్ నేనే ఇచ్చినా, ఆ దేశంలో కూడా పనిచేస్తాదన్నావే, నీ పాత నంబరుకే. వెంటనే తిరిగి చేసినావు, మంచోనివి.

ఏం లేదు, భయపడొద్దు. మీ అమ్మ బాగుండాది. ఎనుము బాగుండాది. నేనూ బాగుండా, మోకాళ్లు తప్ప… గట్టిగానా? గట్టిగా మాట్లాడేకి కాదురా. గడ్డివామి వెనకాల నిలబడుకోనుండా… ఏంటికా? చెప్తా, నిదానంగా చెప్తా.

ముందర నువ్వు చెప్పు, ఈరేషూ. యాడుండావు?

… కువైట్‌లోనే. మంచిది.

కాదప్పా, నమ్మక కాదు. అడిగినా, అంతే. దూరదేశంలో ఉండే మనవన్ని యాడుండావురా అని అడిగేదానికి కూడా వీసా కావాల్నా?

… ఏమట్ల తుమ్ముతాండావు? … జలుబా. ఏసీ గదిలో పండుకుంటే వచ్చిందా. ఏసీ అంటే పడిశం పట్టే మిషనన్నమాట. సరే, తుమ్ముకో. నాకేం తొందర లేదు. తొందర ఉండేది ఇంకొకరికి.

అసలు సంగతి ఏమంటే, మీ అమ్మ పొయ్యి మీద పెనం పెట్టుకోని కూర్చోనుండాది. జొన్నపిండి పిసికి పెట్టింది. ఎన్ని పూటలకు రొట్టె చేయాల, కువైట్ ఎంత దూరం, అని నన్నడిగింది. మన సుగ్గి లెక్కలైతే, కూలికి వలసపోయే దూరాలన్నీ, నా నోట్లో ఉంటాయి. గుంటూరుకు మిరప కోతకు పోతే రెండు పూటల రొట్టె. బెంగుళూరుకు మట్టిపనికి పోతే ఒకటిన్నర. రాయచూరు పత్తికి పోతే ఒక పూటదే చాలు, అది కూడా మిగుల్తాది. కువైట్ లెక్క మాత్రం మా నాయన నాకు చెప్పలేదు, నేను ఎవురికీ చెప్పలేదు. అందుకని, పోయినోన్ని అడుగుదామని చేసినా.

… ఎవురికా? నీ పెండ్లానికిరా. నాగలతకు.

హలో… ఉండావా? … హలో.

నీకు తెలియదా? నువ్వే రమ్మన్నావంట కదా. ఏజెంటు ప్రదీప్‌కుమారు పొద్దున్నే జీపేసుకోని వచ్చినాడు, అదే, కడప నుంచి వచ్చి నిన్ను పిల్చుకపోయిన ఆయప్పే. ఇంటి ముందర మంచం మీద కూర్చోని రెండో టీ తాగుతాండాడు. నువ్వు పనిచేసే బంగళా పక్కనే ఇంకో బంగళా ఉండాదంట, ఆడ ఇంటిపనికి ఒక మనిషి కావాల్నంట. మా ఆమెను కూడా తీసుకరాండి సార్, ఇద్దరం ఒకచోటే ఉంటాం అని నువ్వే కాళ్లావేళ్లా పడినావంట. మధ్యాన్నం ఆదోనిలో ముంబై రైలు. ముంబైలో విమానం. నాగలత పొద్దున్నుంచి నేల మీద నడుస్తాండ్లేదు. రెండు చీరలు, నీ నీలం చొక్కా ఒకటి మూట కట్టుకునింది. నీ చొక్కా ఏంటికి అంటే, ఈడ మర్చిపోయి పోయినాడు తాతా, ఇస్తాను అనింది.

… రమ్మన్లేదా?

మళ్లీ చెప్పు. రమ్మన్లేదు. … రమ్మన్నావేమో గుర్తు లేదా? ఇదేం మాటరా. ఎద్దుల జతనమ్మి ఏజెంటుకు కట్టిపోయిన సంగతి గుర్తుంటాది, పెండ్లాన్ని రమ్మన్న సంగతి గుర్తుండదా? అన్నావా, అన్లేదా? రెండిట్లో ఒకటి చెప్పు. రెండూ చెప్తే నాకు ముసలితనం ఎక్కువైతాది.

… పంపొద్దంటావు. సరే. ఏంటికి?

ఎండలు శానానా? కోసిగిలో పుట్టిన పిల్లకు ఎండ చూపించి బెదిరిస్తాండావా? మనూర్లో బల్లి కూడా మధ్యాన్నం కాళ్లు ఒకటి మార్చి ఒకటి ఎత్తుకోని నడుస్తాది. ఇంకో కారణం చెప్పు.

… పని కష్టమా? జ్వరంతో నీ కంటే ముందర మిరప సాలు దాటిన పిల్లరా అది. ఇంకొకటి చెప్పు.

… ఊకెనే వద్దంటావా. ఊకెనే వద్దంటే అది ఆగుతాదా? నీకు దాని సంగతి నా కంటే బాగ తెలుసు. వద్దన్న మొగుని గొంతు వింటే, మనిషికి ఏమో అయిందని ఇంకా తొందరగా పరిగెత్తుతాది.

ఒరే, ఒక మాట అడుగుతా, కోపగించొద్దు. ఆడ ఇంకేమన్నా సంసారం పెట్టినావా? … నవ్వుతాండావా. నీ నవ్వు కూడా అరువు తెచ్చుకున్నట్ల ఉండాది ఈ దినం.

మళ్లీ తుమ్ము. మూడు. వరసగా మూడు… సరే, సరే, ఏసీ.

దాని ఫోనుకు చేస్తావా? అదే కదా నాకు మింగుడుపడనిది. వచ్చీ రాంగనే ఆయప్ప దాని ఫోను అడిగి తీసుకున్నాడు. టికెట్టు దీంట్లోకి ఎక్కించాలమ్మా అన్నాడు. జేబులో ఏసుకున్నాడు. అప్పట్నుంచి ఎక్కుతానే ఉండాది టికెట్టు, విమానం కూడా అంత నిదానంగా ఎక్కదేమో. పోయేముందర నీతో ఒక మాట మాట్లాడతానని ఈ పిల్ల అడిగితే, వద్దమ్మా, డ్యూటీలో ఉంటాడు, వాళ్ల సేఠు కోప్పడతాడు అన్నాడంట. సేఠుకు కోపం వస్తాదని పెండ్లాం మొగునితో మాట్లాడకూడదా? అందుకే ఎనుముకు మేత ఏసొస్తానని చెప్పి ఈ పక్కకొచ్చినా. ఎనుము కూడా నన్ను వేరేగా చూస్తాండాది. ఈ ముసిలోడు మేత ఏయకుండా ఎవురితో గుసగుసలాడతాండాడో అని.

… దానికి ఫోనియ్యమంటావా. ఇస్తా. ఇయ్యనని అన్లేదు కదా. ముందర నా రొట్టె లెక్క తేలనీ.

చెప్పు. ముంబై నుంచి కువైట్‌కు విమానంలో ఎంతసేపు కూర్చున్నావు?

… గంటన్నర. తొమ్మిదికి ఎక్కితే పదిన్నరకు దిగినావు. బలే. ఆయప్ప కూడా అదే చెప్పినాడు, తొమ్మిదికి ఎక్కిస్తే పదిన్నరకు దింపుతాది అని. ఇద్దరూ ఒక బడిలో చదివినట్ల ఒకటే అప్పజెప్తాండారు. ఆయప్ప ఎన్నిసార్లు తిరిగినోడో, వినింది చెప్తాండాడేమో అనుకున్నా. నువ్వు కూర్చోని పోయినోనివి కదా. కూర్చున్నోని మాట వేరేగా ఉండాల.

కోసిగి నుంచి ఆదోనికి బస్సెక్కి, రైలు గేటు పడితే, గంటన్నర. అదే గంటన్నరలో నువ్వు సముద్రం దాటినావు. సముద్రానికి గేటు లేదేమోలే.

విమానంలో తినేదానికి ఏమన్నా పెట్టినారా?

… నీళ్లు కూడా ఇయ్యలేదా. కూర్చునేలోపల దిగిపొమ్మన్నారు. మీ అమ్మ కట్టిచ్చిన రొట్టెలు? … మూట విప్పే టైమే లేదు.

ఒరే, నేనూ ఎగిరినోన్నేరా, తెలుసునా నీకు? తెలియదా? ఎంతమందికి చెప్పినా, నీకే చెప్పలేదా? మేము సుగ్గికి గుంటూరు పోతాండాం, లారీలో. మారెన్న డ్రైవరు. నల్లమల ఘాటు రోడ్డులో, నడిమధ్యలో, పెద్దపులి కాళ్లు చాపుకోని పండుకోనుండాది. మారెన్న బ్రేకు తొక్కబోయి భయంతో ఇంకొకటి తొక్కినాడు. లారీ లేచింది. లేచింది లేచినట్లే పోతాండాది. పులి కూడా తల పైకెత్తి చూస్తాండాది, ఈళ్లకు నాకు లేని రెక్కలు యాడుండాయా అని. కుడిపక్కకు చూస్తే అహోబిలం కొండలు. నరసింహస్వామికి పైనుంచే దండం పెట్టినాం. టెంకాయ కొడదామని మీ అవ్వ చెయ్యెత్తితే నేనే ఆపినా, కింద పూజారి నెత్తి మీద పడితే మన పేరు పోతాదని. గిద్దలూరు బస్టాండులో దిగినాం. అంత చిన్న ఎగురుడులోనే మీ అవ్వ మూట విప్పి రెండు రొట్టెలు తినిందిరా, కారంపొడి గాలికి పోకుండా కొంగు అడ్డం పెట్టుకోని.

అబద్ధమే. ఎవురు కాదన్నారు? కానీ నా అబద్ధంలో ఆకలైతాది, రొట్టె ఉంటాది, కారం గాలికి ఎగురుతాది. నీ నిజంలో ఏమీ లేదు. ఎక్కినా, దిగినా. అంతే. అది నాకు నచ్చలేదు.

… కోపమేంటికి? నేనేమన్నా అన్నానా?

ఉండుండు. ఎవురో వస్తాండారు…

ఏం లేదమ్మా గిడ్డమ్మా, ఎనుము కట్టు వదులైతే బిగిస్తాండా… ఆ? ఎన్ని పూటలంటావా? అదే లెక్కేస్తాండా. పెనం దించొద్దు. ఆయప్పకు ఇంకో టీ పోయి. చక్కెర ఎక్కువెయ్యి, దండిగా కూర్చుంటాడు…

పోయింది. మీ అమ్మే. బక్కపడిందిరా. కొడుకు కువైట్‌లో ఉండాడని చెప్పుకునేటప్పుడు మాత్రం లావైతాది.

ఏమప్పా, ఎవురో ఆడామె కేకేస్తాండాది నీ వెనకాల. తెలుగులోనే… ఆడ మనోళ్లు శానామంది ఉంటారా. ఉంటారు, ఉంటారు. కడపోళ్లు సగంమంది ఆడనే ఉండారంట. సరే.

కడప అంటే గుర్తొచ్చింది. అదుండనీ. ముందర ఇది చెప్పు. ఇప్పుడు నీకాడ టైమెంత?

ఊకెనే అడిగినా. చెప్పరాదా? ఫోను చూసి చెప్పు, కండ్లతో చూసి.

… పదింబావు.

కరెక్టుగా చూసినావా? పదింబావేనా? ఎండ ఎంత పైకొచ్చింది? … నెత్తి మీదికి వస్తాండాది. బాగుండాది. నాకాడ కూడా పదింబావే. నా నెత్తి మీద కూడా అదే ఎండ. ఎంత బాగ కలిసిందో చూడు.

కూర్చో. నిలబడుకోనుంటే కూర్చో. ఇప్పుడు కడపామె సంగతి చెప్తా.

పోయిన బేస్తవారం మంత్రాలయం పోయినా. భోజనాల పంక్తిలో నా పక్కన ఒకామె కూర్చునింది, రామసుబ్బమ్మ అని. మొన్నమొన్ననే వచ్చినాను తాతా, శానా ఏండ్లు కువైట్‌లో వంట చేసినాను అనింది. మా మనవడు కూడా ఆడనే ఉండాడమ్మా, గంటన్నరలో పోయినాడంట అని నేను గొప్పకు పోయినా. ఆమె చేతిలో అన్నం ముద్ద ఆగిపాయె. గంటన్నర కాదు తాతా, ముంబై నుంచి నాలుగు గంటలు కూర్చోవాల, కాళ్లు మంటలు పెడతాయి అనింది. రెండు వేల ఏడువందల కిలోమీటర్లు పైనే ఉంటాదంట. అంటే మనూరి నుంచి కాశీకి పోయి, గంగలో మునిగి, మళ్లీ ఇంటికొచ్చినంత దూరం. మధ్యలో అన్నం పెడతారంట, అగ్గిపెట్టంత డబ్బాలో. పెరుగు పిచ్చికకు కూడా చాలదంట.

నేను వదుల్తానా. గొడవేసుకున్నా. తొమ్మిదికి ఎక్కి పదిన్నరకు దిగితే గంటన్నర కాక ఏమైతాదమ్మా, నాకు లెక్కలు రావనుకుంటాండావా అన్నా. ఆమె నవ్వింది. ఆడ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక నడుస్తాది తాతా, ఎక్కేటప్పుడు మన టైము, దిగేటప్పుడు వాళ్ల టైము, దాన్ని దీంట్లోంచి తీసేస్తే తప్పుడు లెక్క వస్తాది అనింది. నేను నమ్మలేదు. ఉండేది ఒకటే పొద్దు కదమ్మా అన్నా. మనకు పొద్దు పుట్టి మనం సద్ది తిన్నాక గాని ఆ పొద్దు వాళ్ల ఊరికి పోదు తాతా అనింది. సాంబారు పోసేటోడు కూడా అవునన్నాడు. అప్పుడు ఒప్పుకున్నా.

అర్థమైందా, ఈరేషూ?

మనకు పదింబావైతే కువైట్‌లో ఏడూ ముప్పావు. నువ్వు పోయి నెల దాటి పది దినాలాయె. ఇన్ని దినాలు పొద్దున లేచి, పనికి పోయి, వచ్చి పండుకున్నోనికి, ఇంటికి ఎన్నోసార్లు ఫోను చేసినోనికి, ఆ ఊరి గడియారం వేరేగా నడుస్తాదని తెలియలేదా? నీ ఫోనుకు కూడా తెలియలేదా?

తుమ్మొద్దు. తుమ్మి తప్పించుకునే మాట కాదిది.

తుమ్ము కూడా నాకు తెలుసురా. పడిశం తుమ్ము ఒకటొచ్చి, నిలబడి, ఇంకొకటి వస్తాది. మూడు వరసగా వచ్చి, కడాకు గొంతులో గీరుకునేది మిరప కల్లం తుమ్ము. ఎండిన కాయలు తిరగేసేటప్పుడు వచ్చేది. వయసంతా ఆ తుమ్ము తుమ్మినోన్ని. మొదట తుమ్మినప్పుడే నా ముక్కు చెప్పింది, ఇది కువైట్ కాదని. కానీ ముక్కు మాట పట్టుకోని మనవన్ని అనుమానిస్తే ఎట్ల అని, టైము అడిగినా.

యాడుండావు?

… నరసరావుపేట పక్కన. మనోళ్లు పోని పల్లె చూసుకోని పోయినావు. మనూరి మొగమొకటి కూడా కనబడకూడదని.

… ఆ. … ఆ. … విన్నా. చెప్పు.

ముంబైలో గదిలో పెట్టినాడు. … ఎంతమందిని? … కిటికీ లేదు. … రేపు, ఎల్లుండి, రేపు, ఎల్లుండి. … ఊ. … ఆమీద వీసా తప్పుడుదొచ్చింది, మళ్లీ తెప్పిస్తా, ఇంటికి పోతే ఊరంతా నవ్వుతారు, రెండు నెల్లు యాడన్నా ఉండు, చేరినా అని ఇంట్లో చెప్పు, లేకుంటే నీ పేరు కొట్టేస్తా అన్నాడు. … టైములు కూడా వాడే చెప్పిచ్చినాడు. తొమ్మిదికి ఎక్కినా, పదిన్నరకు దిగినా.

అప్పజెప్పేదానికి పాఠం కూడా ఇచ్చినాడన్నమాట.

ఏడవొద్దని అనన్లే. ఏడ్చుకో. ఆడ ఎవురన్నా అడిగితే మిరప ఘాటని చెప్పు. కల్లంలో ఉండేదానికి అదొక్కటే సుఖం, ఎవురు ఏడుస్తాండారో ఎవురికీ తెలియదు.

… నేనేమంటా? ఏమీ అనను. ఎద్దులు పోతే పోనీ. నాకు కోపం దాని గురించి కాదు. నువ్వు చేరినా అన్న మాట ఊర్లో ఎంత దూరం నడిచిందో తెలుసునా? నీ విమానం నడవలేదు గాని, ఆ మాట నడిచింది. ఈరేషు చేరినాడు, ఏజెంటు మంచోడు. మన పక్కింటి శేషన్న కూడా కొడుకును పంపేదానికి ఎద్దులమ్మే మాట ఎత్తినాడు. ఈ దినం ఆయప్ప మన ఇంట్లో మూడో టీ తాగుతాండాడంటే, ఆ చక్కెర నీ మాటదే.

… అదే నేనూ అడుగుతాండా. నిన్నే చేర్చలేనోడు దాన్ని యాడికి తీసుకపోతాడు? నువ్వు లేని కువైట్‌లో నువ్వు రమ్మన్నావని చెప్పి, ఫోను జేబులో ఏసుకోని, ఒంటరి ఆడపిల్లను యాడికి? ఆలోచించేకి కూడా నాకు ధైర్యం చాల్లేదు. అందుకే ఎనుము దగ్గరికి వచ్చినా.

అరవొద్దు. నువ్వు ఆడ అరిస్తే ఈడ జీపు ఆగదు. జీపు నేను ఆపినాలే.

… ఏం లేదురా, వెనక టైరులో గాలి తక్కువుండాది. ఎట్ల పోయిందో. పొద్దున నేను దాని పక్కన కూర్చోని తుమ్మముల్లుతో కాలి ముల్లు తీసుకుంటాంటి. ఆ ముల్లు మళ్లీ కనబల్లేదు.

పొద్దున్నే ఎట్ల అనుమానమొచ్చిందా? రొట్టెలతోనే. మీ అమ్మ ఎన్ని రొట్టెలు కట్టాల సార్ అనడిగితే, ఏమీ వద్దమ్మా, గంటన్నర ప్రయాణానికి రొట్టెలేంటికి అన్నాడు. ముంబైకి పోయేదానికే ఒక రాత్రి రైల్లో కూర్చోవాల కదా. తోడ తీసుకపోయే మనిషికి దారిలో ఆకలైతాదని తలపుకు రానోడు, ఆ మనిషిని చేర్చేదానికి తీసుకపోతాండ్లేదు. నాకు అంతే తెలుసు.

… దానికి చెప్పొద్దా?

ఏం మాట్లాడుతాండావురా. చెప్పకపోతే అది ఆగదు. నేను అడ్డం పండుకుంటే దాటుకోని పోతాది. అది కువైట్‌కు పోతాండ్లేదు, నీ దగ్గరికి పోతాండాది. నీ చొక్కా ఇచ్చేదానికి పోతాండాది. నువ్వు యాడుండావో నువ్వే చెప్పాల. నా మాటైతే నమ్మదు. లారీ ఎగిరిన కథ చెప్పే ముసిలోడు, ఇది కూడా కథే అంటాది. నేను ఇన్నేండ్లు కోసిన కోతలకు ఈ దినం పడింది నాకు దెబ్బ. నిజం చెప్పాల్సొస్తే నా నోరు పనికిరాదు.

… ఊరికా? ఊరికి నేను చెప్తాలే. దానికి నా నోరే కావాల. నవ్వుతారని కదా నీ భయం? ముందర నేనే నవ్విస్తా. మా ఈరేషు విమానం కువైట్ దాకా పోయిందప్పా, దిగబోతాంటే కింద ఎండకు టైర్లు కరిగి అతుక్కుంటాండాయంట. పైలట్టు కిందికి చూసి, మీలో కోసిగి వాళ్లెవురన్నా ఉంటే దిగండి, వాళ్లకు అలవాటు, మిగిలినోళ్లు వద్దన్నాడంట. మావాడు నేనొక్కన్నే దిగితే బాగుండదని వెనక్కి తిరిగినాడు. వచ్చే దారిలో గుంటూరు మిరప ఘాటుకు విమానమే తుమ్మిందంట. మూడు తుమ్ములకు మావాడు కల్లంలో పడినాడు. ఈ కథ రచ్చకట్ట మీద రెండు దినాలు చెప్తా. నవ్వి నవ్వి అలిసిపోయినాక నువ్వు బస్సు దిగు. నిన్ను చూసి నవ్వేదానికి ఎవురి దగ్గరా నవ్వు మిగిలుండదు.

కానీ దానికి మాత్రం నిజం చెప్పు. విమానం తుమ్మింది అని చెప్పొద్దు.

… కోపగిస్తాది. కోపగించకుండా ఉంటాదా. రెండు దినాలు మాట్లాడదు. మూడో దినం చొక్కా యాడుండాదో చెప్తాది. అదే దాని మాట.

సరే. నేను కేకేస్తాండా. కట్ చేయొద్దు. కట్ చేసినావో, నేనే గుంటూరుకు ఎగిరొస్తా, మారెన్న లారీలో.

నాగలతా… అమ్మా నాగలతా. ఈ పక్కకు రా ఒక్కరవ్వ. ఎనుము మేత ముట్టుతాండ్లేదు, నీ చేత్తో ఏస్తే తింటాదేమో. మూట తీసుకోనే రా, పర్వాలేదు…

వస్తాండాది. దాని పట్టీల సద్దు వినబడుతాండాదా? … నీకు వినబడుతాండాది కదా. తుమ్మకు. మొదటి మాట తుమ్ము కాకూడదు.

… తీసుకోమ్మా. మీ ఆయనే. … ఉండు, నీకివ్వకముందు వానికొకటి చెప్పాల, రొట్టె లెక్క.

ఒరే ఈరేషూ. నరసరావుపేట నుంచి ఇంటికి రెండు పూటల రొట్టె. అది నాకు తెలిసిన దూరమే. కొనుక్కోని తింటూ వచ్చేయ్, మీ అమ్మ చేసిన పిండి ఇంకొకరికి అయిపోతాది.

… ఎవురికా? ఏజెంటప్పకురా. నేను పోయి కట్టిస్తా. మంచం చుట్టూ మనోళ్లను నలుగురిని కూర్చోబెట్టి, ఆ ఫోను జేబులోంచి తీయించి, ఆమీద తోడు పోతాం. ప్రయాణం పోయే మనిషిని మన ఇంట్లో నుంచి ఒట్టి చేతులతో పంపకూడదు కదా.

… కువైట్‌కు కాదులే. కోసిగి పోలీస్‌స్టేషన్‌కు. అది అర రొట్టె దూరం.

ఇదో, తీసుకోమ్మా. మాట్లాడు. నేను ఆ పక్కకు పోతాండా…